మూడు పొట్లాలు, నాలుగు వారాలు

పదకొండు గంటలకి ఆమె చేతులు ఆమెవి కాకుండా పోయేవి.

అప్పటిదాకా మాట వినేవి. ఎనిమిదిన్నరకి రికార్డుల ఆఫీసు మెట్లెక్కి, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, దారానికి మైనం రాసి, సూదిలోకి ఎక్కించేవి. తొమ్మిదికీ పదికీ పని చేసేవి. కిటికీలోంచి పడే ఎండ బల్ల మీద జరుగుతూ జిగురు గిన్నెని తాకేసరికి, మణికట్ల దగ్గర ఎవరో ముడి విప్పేసినట్టయ్యేది. వేళ్ళు బల్ల మీదే ఉండేవి. ఆమె వాటిని చూస్తూ ఉండేది. గది నిండా నీళ్ళున్నట్టూ, ఆ నీళ్ళ అడుగున తను కుర్చీ వేసుకుని కూర్చున్నట్టూ ఉండేది. పక్క గదిలో ఫోను మోగితే ఆ మోత ఆమె దాకా రావడానికి కాసేపు పట్టేది.

ఆఫీసులో అందరూ ఆమెని కుట్లమ్మ అంటారు. పాత రిజిస్టర్లు విప్పి, చిరిగిన మడతలకి పల్చటి కాగితం అతికించి, మళ్ళీ కుట్టి అట్ట వేయడం ఇరవై రెండేళ్ళుగా ఆమె పని. రెండేళ్ళ కిందట జ్వరం వచ్చింది. పది రోజులుండి జ్వరం పోయింది, అలసట ఉండిపోయింది. తొమ్మిది గంటలు పడుకున్నా పడుకోనట్టే లేచేది. ఒక ఆదివారం పరుపు ఎండలో వేస్తే బుధవారం దాకా మంచం దిగలేదు. ముగ్గురు డాక్టర్లు రక్తం తీసి చూశారు. కాగితాల్లో అన్నీ బాగున్నాయన్నారు.

"కాగితాలు బాగున్నాయి, మనిషే బాలేదు" అంది ఆడపడుచు.

ఆడపడుచు సిటీ బస్సులో కండక్టరు. కుట్లమ్మ భర్త గూడ్సు రైల్లో గార్డు, నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. మిగతా రోజులు రెండు గదుల ఇంట్లో వదినా ఆడపడుచులిద్దరే. ఇంకెవరూ లేరు కాబట్టి ఒకరినొకరు దెప్పుకుంటూ రోజులు గడిపేస్తారు.

ఆ నెల మొదట్లో సూపరింటెండెంటు గారు ఒక పుస్తకం మోసుకొచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. పాత కాన్పుల ఆసుపత్రి రిజిస్టరు. ఎనభై ఏళ్ళ కిందటిది. వెన్ను ఊడిపోయి ఉంది. మడిచిన కాగితాల కట్టని బైండింగు వాళ్ళు ఫారం అంటారు. ఈ పుస్తకంలో నూట ఇరవై ఫారాలున్నాయి.

"నలభై రోజులమ్మా" అన్నాడాయన. "బయట కాంట్రాక్టు వాళ్ళు మిషన్ మీద ఒక్క పూటలో చేసిస్తామంటున్నారు. నేనే ఆపాను."

కుట్లమ్మ పుస్తకం తెరిచింది. పుట్టిన తేదీ, గంట, ఆడో మగో, బరువు. పిల్లల పేరు రాయాల్సిన గడి ప్రతి వరసలోనూ ఖాళీ. పుట్టిన పూట పేరెక్కడిది? తల్లి పేరుకి గడే గీయలేదు. ఆ కాలపు గుమాస్తా దాన్ని లోపలి అంచున, మడతలోకి ఇరికించి రాశాడు.

"మిషన్ అయితే వెన్ను కోసేస్తుందండి. వేలి మందం పోతుంది."

"వేలి మందం పోతే ఏం మునిగిపోయింది?"

"తల్లుల పేర్లన్నీ ఆ వేలి మందంలోనే ఉన్నాయండి."

సూపరింటెండెంటు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అయితే కుట్టండి. నలభయ్యో రోజుకి పూర్తవకపోతే పుస్తకం మిషన్‌కి, మీరు కింద కౌంటరుకి. టోకెన్లు ఇద్దురుగాని. ఈ గదిలో బీరువాలు పెడతారట. నేను చెడ్డవాణ్ణి కాదమ్మా. నా మీద కూడా ఒకాయన కూర్చున్నాడు."

ఒంట్లో బాగున్న రోజుల్లో ఆమె రోజుకి పది ఫారాలు కుట్టేది. ఇప్పుడు రెండు. ఆ లెక్కన నలభై రోజులకి ఎన్నవుతాయో వేళ్ళ మీద వేసుకుంటూ, వేళ్ళు మడిచే ఓపిక లేక మధ్యలో మానేసింది. కింద కౌంటరులో కుర్చీకి చక్రాలున్నాయి. దాని ముందు అద్దం, అద్దంలో చిన్న కంత. ఆ కంతలోంచి టోకెన్లు ఇస్తూ రిటైరయ్యే రోజు దాకా కూర్చున్నట్టు ఆ మధ్యాహ్నం కునుకులో కనిపించింది. టోకెన్ల మీద అంకెలు లేవు.

ఆడపడుచే ఆమెని మూలికల దుకాణానికి లాక్కెళ్ళింది. బస్సు డిపో వెనక సందులో ఉంది అది. నాలుగు గోడలకీ కింది నుంచి పై దాకా రేకు డబ్బాలు. మధ్యలో స్టూలు మీద యాభై దాటినాయన, ముక్కుకి గుడ్డ కట్టుకుని. మందుల కాలేజీ ల్యాబులో పాతికేళ్ళు పనిచేసి వచ్చి ఈ దుకాణం పెట్టాడు. వీధిలో డబ్బాలాయన అంటారు. తన పొడులు తనకే పడవు. మూత తీసినప్పుడల్లా తుమ్ముతాడు.

ఆయన నాడి పట్టుకోలేదు, నాలుక చాపమనలేదు. డాక్టర్ల కాగితాలు అడిగి తీసుకుని, అరగంట చదివాడు.

"బీపీ ఉందా?"

"లేదండి."

"ఉంటే చెప్పండి. అతిమధురం ఇవ్వకూడదు. థైరాయిడ్ చూపించారు, బాగుంది. వేరే మాత్రలేమైనా వేసుకుంటున్నారా?"

"లేదండి. నాకు నయమవుతుందా?"

"తెలీదు" అన్నాడాయన. "కొందరికి తేలికవుతుంది. కొందరికి ఏమీ అవదు."

ఆడపడుచు ముక్కున వేలేసుకుంది. "అదేంటండీ, ఇంత దుకాణం పెట్టుకుని? మా బస్సెక్కినవాళ్ళతో, దింపుతానో లేదో తెలీదంటే ఎలా ఉంటుంది?"

"మీ బస్సుకి రోడ్డుందమ్మా" అన్నాడు డబ్బాలాయన. ఒక డబ్బా మూత తీసి, రెండు సార్లు తుమ్మి, పొడి తూచాడు.

మూడు పొట్లాలు కట్టాడు. ఒకదానికి తెల్ల దారం, ఒకదానికి ఎర్ర దారం, ఒకదానికి నల్ల దారం. ఒక కాగితం ఇచ్చాడు. దానికి ముందువైపు పక్కపక్కనే రెండు గళ్ళు, వెనకవైపు రెండు గళ్ళు. ప్రతి గడిలోనూ చేతిరాత. ముందువైపు కుడి చేతి గడి పైన దుకాణం ముద్ర.

"వారానికొక గడి. ఒకటి అయ్యాకే రెండోది. ముందే అన్నీ చదివేయకండి."

"చదివితే?"

"చదివినవాళ్ళు నాలుగు వారాలదీ నాలుగు రోజుల్లో తాగేస్తారు."

ఆదివారం సాయంత్రం కుట్లమ్మ ఆ కాగితాన్ని ఇంట్లో బల్ల మీద పరిచింది. ఇరవై రెండేళ్ళ చేతులు ఎవరినీ అడగవు. ముద్ర ఉన్న వైపుని పైకి పెట్టి మధ్యకి మడిచాయి. మడతలు నొక్కే ఎముక బద్దతో రుద్దాయి. మూడు చిల్లులు పొడిచి, మైనం దారంతో కుట్టి, ముడి వేశాయి. నాలుగు పేజీల పుస్తకమైంది. ముద్ర ఉన్న గడి మొదటి పేజీ. ఆమె మాట నిలబెట్టుకుని ఆ ఒక్క పేజీయే చదివింది.

ఆడపడుచు పొట్లాలు లెక్కపెట్టింది. "నాలుగు వారాలకి మూడే ఇచ్చాడేంటి వదినా? ఒకటి నొక్కేశాడా?"

"చివరి వారం పథ్యమేమోలే."

"పథ్యం పొట్లం కట్టలేక వదిలేసి ఉంటాడు. తుమ్ముకి ఎగిరిపోయి ఉంటుంది."

మొదటి పేజీలో ఇలా ఉంది: ఈ వారం తెల్ల దారం పొట్లం. అశ్వగంధ. సాయంత్రం భోజనమయ్యాక అర చెంచా పొడి, గోరువెచ్చని పాలలో.

పాలు కాగుతుంటే ఇల్లంతా వాసన పట్టింది. "మన వంటింట్లోకి టికెట్ లేకుండా గుర్రం ఎక్కింది" అని ఆడపడుచు కిటికీలు తెరిచింది. కుట్లమ్మ కళ్ళు మూసుకుని తాగింది. మట్టి రుచి.

నాలుగో రోజు కల వచ్చింది. రెండేళ్ళలో ఆమెకి గుర్తున్న మొదటి కల అదే. రిజిస్టరులోని పిల్లలందరూ ఫారాల మధ్య పడుకుని ఉన్నారు. ఒక్కో ఫారం కాస్త పైకి లేస్తోంది, కాస్త కిందికి దిగుతోంది. ఊపిరి పీల్చడానికీ వదలడానికీ మధ్య ఒక జాగా ఉంది. సూది అక్కడే గుచ్చాలి. ముందు గుచ్చినా వెనక గుచ్చినా వాళ్ళు లేస్తారు. ఆమె కుట్టింది. ఎవరూ లేవలేదు. పొద్దున్న కళ్ళు తెరిచేసరికి దిండు చల్లగా ఉంది, తను నిద్రపోయిందని తెలిసింది.

ఆ వారం రోజుకి మూడు ఫారాల లెక్కన పద్దెనిమిది కుట్టింది.

రెండో పేజీ ఎర్ర దారం పొట్లానిది. శొంఠి ముక్క, అతిమధురం వేరు, గ్లాసు నీళ్ళు సగమయ్యేదాకా మరిగించి, వడకట్టి, ఉదయం. ఆ కషాయం గొంతు దిగాక నాలుక మీద తీపి గంటసేపు ఉండిపోయేది. ఆ తీపి ఉన్నంతసేపూ ఆమె బస్సు కిటికీలోంచి వీధిని చూసేది. తాళాలు తీస్తున్న దుకాణాలు, నీళ్ళు చల్లిన మెట్లు, నిచ్చెన మీద నిలబడి బోర్డు తుడుస్తున్న మనిషి. రెండేళ్ళుగా అవన్నీ అద్దం అవతల ఉన్నాయి. ఇప్పుడు అద్దం తీసేశారు. పదకొండింటికి ఎండ జిగురు గిన్నెని తాకింది, దాటింది. చేతులు ఇంకా ఆమెవే. ఒక రోజు నాలుగు, ఒక రోజు అయిదు. వారానికి ఇరవై ఎనిమిది.

మూడో పేజీ నల్ల దారం. చామంతి పువ్వులు, వేడి నీళ్ళలో నానబెట్టి సాయంత్రం. కప్పులో పువ్వులు విచ్చుకునేవి. వాటిని చూస్తూ ఆమె చాలాసేపు కూర్చునేది. కూర్చున్నా మనసు బల్ల దగ్గరే ఉండేది. నలభై ఆరు అయ్యాయి, డెబ్బై నాలుగు ఉన్నాయి. ఆరు కుట్టింది. మర్నాడు ఆరు. తర్వాత ఏడు. ఒంట్లో ఏదో మిగిలినట్టు అనిపించిన ప్రతిసారీ, అది చల్లారకముందే ఇంకో ఫారం అందుకునేది. తొమ్మిది. శుక్రవారం పదకొండు కుట్టింది. జ్వరానికి ముందు కూడా పదకొండు అరుదు. సూపరింటెండెంటు గారు గుమ్మంలో నిలబడి చూసి, "ఇదమ్మా పనంటే" అని వెళ్ళిపోయాడు.

శనివారం ఆమె లేవలేదు.

లేవకూడదని కాదు, లేవడమంటే ఏం చేయాలో ఒంటికి గుర్తు రాలేదు. పైకప్పు మీద ఫ్యాను నీడ తిరుగుతోంది. ఆ నీడ ఒక చుట్టు తిరిగి రావడానికి ఒక పూట పట్టినట్టుంది. ఆడపడుచు చెంచాతో గంజి తాగించింది. ఏదో అడిగింది. ఆ మాటలు నీళ్ళలోంచి ఒక్కొక్కటే దిగి, దుప్పటి మీద పడి, అక్కడే ఉండిపోయాయి.

సోమవారం మధ్యాహ్నానికి చేయి చాపి, దిండు కింద ఉన్న పుస్తకాన్ని తీసింది. నాలుగో పేజీ. చివరిది.

ఈ వారం మందు లేదు. పొద్దున్న లేవగానే, ఇవాళ ఎంత చేయగలనో అనుకో. అందులో సగం చేసి ఆపు. బాగాలేకపోతే ఆపు. బాగుంటే మరీ ఆపు. మిగిలిన సగాన్ని ఎవరికీ ఇవ్వకు.

కుట్లమ్మ రెండు సార్లు చదివింది. పుస్తకాన్ని గుండెల మీద బోర్లా పెట్టుకుంది.

"ఏం రాశాడు?" అని అడిగింది ఆడపడుచు.

"చేతులెత్తేశాడు."

"అంటే?"

"మూడు వారాలు మందిచ్చాడు. ఇక నా వల్ల కాదు, ఉన్నదాంట్లో సగంతో బతకమని రాశాడు. మూడే పొట్లాలు ఎందుకో ఇప్పుడర్థమైంది. నాలుగో వారానికి నేను ఇలా పడిపోతానని ఆయనకి మొదటి రోజే తెలుసు."

ఆడపడుచు వంటింట్లోకి వెళ్ళి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

ఆ వారమంతా మంచం మీదే గడిచింది. ఎనభై అయిదు ఫారాలు కుట్టి ఉన్నాయి, ముప్పై అయిదు ఉన్నాయి. కలలో ముప్పై అయిదు ఫారాలూ కిటికీ మీద వరసగా కూర్చున్నాయి. మిషన్ రాలేదు. కత్తి ఒక్కటే వచ్చింది, మర్యాదగా తలుపు కొట్టి.

ఆదివారానికి నడవగలిగింది. ఆడపడుచు ఆమెని తన బస్సులోనే ముందు సీట్లో కూర్చోబెట్టి, డిపో దాకా తీసుకెళ్ళి, సందులోకి చేయి పట్టుకుని నడిపించింది.

"చూడండి, ఎలా అయిపోయిందో!" అంది దుకాణం గుమ్మంలోంచే. "నయం చేయలేనని ముందే చెప్పారు, ఒప్పుకున్నాం. కానీ మూడు వారాలు తాగించి, చివర్లో సగం చేసుకో పో అని రాస్తారా? మనిషన్నాక అలా రాయొచ్చా?"

డబ్బాలాయన ముక్కు గుడ్డ కిందికి లాగాడు. "చివర్లోనా?"

కుట్లమ్మ పుస్తకం ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు. కుట్టు మీద వేలు పెట్టి చూశాడు. మొదటి పేజీ తెరిచాడు, మూశాడు, చివరి పేజీ చూశాడు. మళ్ళీ మొదటి పేజీ.

"ఇదెవరు కుట్టారు?"

"నేనేనండి."

"ఎందుకు?"

కాగితం ఉంది, కుట్టింది.

"అమ్మా, నేను ఎడమ నుంచి రాశాను. ముందువైపు ఎడమ గడి మొదటి వారం. పక్కది రెండోది. వెనక్కి తిప్పితే మూడు, నాలుగు. ఎవరైనా అలాగే చదువుతారు కదా?"

"పుస్తకమైతే అలా ఉండదండి" అంది కుట్లమ్మ. "ఫారం మడవకముందు కాగితం మీద కుడిపక్కదే మొదటి పేజీ. దాని ఎడమ పక్కన ఉండేది చివరి పేజీ. మడిస్తే గానీ వరస రాదు. పైగా ముద్ర కుడి గడి మీదే వేశారు."

"ఖాళీ ఉందని అక్కడ వేశాను!"

ముగ్గురూ ఆ నాలుగు పేజీల పుస్తకాన్ని చూస్తూ నిలబడ్డారు. ముందుగా ఆడపడుచు నవ్వింది. డబ్బాలాయనకి నవ్వూ తుమ్మూ ఒకేసారి వచ్చాయి. స్టూలు మీద కూలబడ్డాడు.

"పదకొండేళ్ళుగా ఇదే కాగితం ఇస్తున్నాను. పారేసినవాళ్ళున్నారు. పొట్లంతో పాటు మరిగించినవాళ్ళు కూడా ఉన్నారు. కుట్టినవాళ్ళు లేరు."

"అయితే ఇది మొదటి వారమాండి?" అంది కుట్లమ్మ.

"మొదటిది. అది కుదిరితేనే మిగతావి. చూడండమ్మా, ఈ వేర్లు ఒంట్లోకి బలం తెచ్చిపెట్టవు. కాస్త నిద్ర సర్దుతాయి, కాస్త కడుపు సర్దుతాయి. దాంతో మీ దగ్గర రోజూ ఒక పిడికెడు మిగులుతుంది. ఆ పిడికెడు ఏం చేశారు?"

కుట్లమ్మ తల దించుకుంది. "కుట్టేశానండి."

"అంతా?"

"శుక్రవారం పదకొండు ఫారాలు."

"సగంలో ఆపడం ముందు నేర్పి, ఆ తర్వాత పిడికెడు ఇవ్వాలి. మీరు తిరగేశారు." ఆయన పుస్తకాన్ని వెనక్కి ఇచ్చాడు. పొట్లాలు మళ్ళీ కట్టలేదు. "ఉన్నవి చాలు, సాయంత్రం పాలలోది ఒకటే తాగండి. నాలుగో పేజీ మాత్రం వదలొద్దు. ఇకమీదట నేను అంకెలు వేస్తాను."

బయటికొచ్చాక ఆడపడుచు అంది: "నువ్వు పెళ్ళి శుభలేఖ ఇచ్చినా కుట్టేస్తావు వదినా. మా అన్నయ్య నయం, రైలు డబ్బాలకి కుట్టుండదు."

సోమవారం కుట్లమ్మ బల్ల దగ్గర కూర్చుంది. పదకొండు రోజులున్నాయి, అందులో ఒక ఆదివారం. ముప్పై అయిదు ఫారాలు. ఇవాళ ఎంత చేయగలను అనుకుంది. రెండు. ఒకటి కుట్టింది. సూదిని బల్ల మీది చిన్న దిండుకి గుచ్చి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

దానంత కష్టమైన పని ఆమె ఎప్పుడూ చేయలేదు. కుట్టకుండా ఎదురుగా ఫారాల్ని పెట్టుకుని కూర్చోవడం. ఎండ బల్ల మీద నడుస్తోంది. గాలికి ఒక ఫారం పై కాగితం కాస్త లేచి, కాస్త దిగింది. ఆమె చూస్తూ కూర్చుంది. కునుకు కాదు, మెలకువా కాదు. కలలో చూసిన జాగా గుర్తొచ్చింది, ఊపిరి పీల్చడానికీ వదలడానికీ మధ్యది. ఇంతకాలం అందులో సూది గుచ్చుతూ వచ్చింది. ఇప్పుడు అందులో తనే కూర్చుంది.

మర్నాడూ ఒకటే. ఆ తర్వాత రెండు, ఆ మర్నాడు మూడు. చేయగలను అనిపించే అంకె పెరుగుతూ వచ్చింది, ఆమె ప్రతిసారీ దాన్ని మధ్యకి మడిచింది. ఆరు అనిపించిన రోజు మూడు. ఎనిమిది అనిపించిన రోజు నాలుగు. వరండాలో బీరువాలు వచ్చి చేరాయి. సూపరింటెండెంటు గారు వాటి మధ్యలోంచి పక్కకి తిరిగి నడుస్తూ, రోజుకోసారి గుమ్మంలోంచి చూసి వెళ్ళేవాడు.

నలభయ్యో రోజు పొద్దున్న ఎనిమిది ఫారాలు మిగిలి ఉన్నాయి. ఆమె లేచి, కిటికీ తెరిచి, ఇవాళ ఎంత చేయగలను అనుకుంది. ఎనిమిది. నిజంగానే ఎనిమిది చేయగలదు. ఒళ్ళు చెబుతోంది. సాయంత్రానికి ఆఖరి ముడి వేసి, పుస్తకం ఆయన చేతిలో పెట్టగలదు.

పన్నెండింటికి నాలుగు కుట్టి, సూది దిండుకి గుచ్చింది.

మిషన్ వాళ్ళ వ్యాను ముందే వచ్చి గేటు దగ్గర ఆగింది. సూపరింటెండెంటు గారు వచ్చాడు. మిగిలిన ఫారాలు లెక్కపెట్టాడు. ముఖం విప్పారింది.

"నాలుగే! ఇంకా అయిదు గంటలుంది. కానివ్వండి, కానివ్వండి. వ్యానువాడికి నేను టీ ఇప్పిస్తాను."

"ఇవాళ్టికి అయిపోయిందండి."

"ఏమైంది? ఓపిక లేదా?"

"ఉందండి. అందుకే ఆపాను."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. వేళాకోళం చేస్తోందా అని చూసినట్టు. చేయట్లేదు.

"నాలుగూ ఇప్పుడు కుట్టగలనండి. కుడితే రేపటి నుంచి వారం రోజులు మంచం మీద ఉంటాను. పోయినసారి అలాగే అయింది. పుస్తకం అవుతుంది, ఆ తర్వాత మీ దగ్గర కుట్టే మనిషి ఉండదు. రేపు రెండు, ఎల్లుండి రెండు. శనివారం పూర్తి."

"శనివారం దాకా ఆగమన్నది ఎవరని పైవాళ్ళకి చెప్పమంటారు?"

"నా పేరు చెప్పండి."

ఇరవై రెండేళ్ళలో ఆ గదిలో ఆమె తన కోసం అడిగింది అదొక్కటే. ఒక దీపం కోసం గానీ, కుర్చీ కోసం గానీ ఎప్పుడూ నోరు తెరవలేదు. చేతులు ఒళ్ళో కదలకుండా ఉన్నాయి.

వ్యాను మనిషి పైకి వచ్చాడు. కుట్టు కోసం చట్రానికి బిగించిన పుస్తకాన్ని వంగి చూశాడు. "సార్, మిషన్‌కి ఎక్కించాలంటే ఈ కుట్లన్నీ కోసేయాలి. కుట్టినవెన్ని?"

"నూట పదహారు" అంది కుట్లమ్మ.

"చేత్తోనా?" అన్నాడతను. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

సూపరింటెండెంటు గారు కుట్టని ఫారం ఒకటి తీసుకుని తెరిచాడు. మడతలోకి వేలు పెట్టి, కాగితాన్ని వెలుతురుకి తిప్పి, లోపలి అంచున రాసినదాన్ని చదివాడు. పెదవులు కదిలాయి, బయటికి వినబడలేదు. ఫారాన్ని ఎక్కడి నుంచి తీశాడో అక్కడే, అంచులు కలిపి పెట్టాడు.

"శనివారం పన్నెండు" అన్నాడు. "పన్నెండూ అయిదు కాదు."

వ్యాను ఖాళీగా వెళ్ళిపోయింది.

శుక్రవారం రెండు కుట్టింది. శనివారం ఎండ జిగురు గిన్నెని తాకుతున్న వేళకి ఆఖరి ఫారం మధ్యలోంచి సూది బయటికి వచ్చింది. ముడి వేసి, దారం కోసింది. పదకొండు అయింది. చేతులు చూసుకుంది. ఉన్నాయి. పుస్తకాన్ని తెరిస్తే ఎక్కడ పడితే అక్కడ తెరుచుకుంది, మడత లోపలి దాకా. తల్లులందరూ ఎవరి వరసలో వాళ్ళున్నారు.

రోగం పోలేదు. మరుసటి వారం ఒక రోజు మెట్లు ఎక్కలేక కింద వరండాలోనే గంటసేపు కూర్చుంది. బీరువాల్లో ఒకటి ఆ గదిలోకి రానే వచ్చింది. దాని పక్కనుంచి కుర్చీకి వెళ్ళాలంటే పొట్ట లోపలికి లాక్కోవాలి. కింద కౌంటరు కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారు.

ఆ వారం చివర్లో సూపరింటెండెంటు గారు ఇంకో రిజిస్టరు మోసుకుని పొట్ట లాక్కుంటూ లోపలికి వచ్చాడు. బల్ల మీద పెట్టి, జేబులోంచి పెన్ను తీశాడు.

"తొంభై ఫారాలు. ఎన్ని రోజులు కావాలి?"

ఆ ప్రశ్న ఆయన ఇంతకుముందు ఎప్పుడూ అడగలేదు, ఎన్ని రోజులో చెప్పేవాడంతే. కుట్లమ్మ పై ఫారాన్ని వేళ్ళతో ఎత్తి, మడత తడిమింది. కాగితం బరువుగా ఉంది, అంచులు చిరిగాయి. గది వెలుతురులో తేలుతోంది. ఎంత పడుతుందో మనసులో లెక్క వేసుకుంది.

దానికి రెండింతలు చెప్పింది. ఆయన రాసుకున్నాడు.